సైకిల్ పంచర్ల గోల: ప్యాచ్ వేయాలా, లిక్విడ్ పోయాలా, లైనర్ పెట్టాలా, టైరే మార్చాలా?

మొన్న ఆదివారం మా అమ్మాయి సైకిల్ ముందు చక్రంలోంచి పట్టకారుతో పదకొండు పల్లేరు ముళ్ళు పీకాను. పదకొండు! స్కూల్ వెనకాల ఖాళీ జాగాలోంచి అడ్డదారిన వచ్చిందట, అంతే. ట్యూబ్ నీళ్ళ బకెట్‌లో ముంచితే ఆక్సిజన్ పెట్టిన చేపల తొట్టిలా నాలుగు వైపుల నుంచీ బుడగలు. అప్పుడే అనుకున్నా, ఈ పంచర్ల మీద నేను ఇన్నేళ్ళలో తగలేసిన డబ్బు, టైము, ఏది పనికొచ్చింది ఏది రాలేదు అనేది ఒకచోట రాసేస్తే ఎవరికైనా ఉపయోగపడుతుంది అని. ఎందుకంటే షాపుకెళ్తే లిక్విడ్ పోయించుకోండి సార్ అంటారు, ఆన్‌లైన్‌లో లైనర్ (టైర్ లోపల పెట్టే పట్టీ) కొనండి అంటారు, తోటి రైడర్లేమో టైర్ మార్చు బ్రో అంటారు, అందరూ కరెక్టే, కానీ అందరూ మీ పంచర్ గురించి కాదు మాట్లాడేది, వాళ్ళ పంచర్ గురించి.

నేనుండేది అనంతపురం. మా ఇంట్లో మూడు సైకిళ్ళు. ఒకటి నాన్నది, పాత నల్ల సైకిల్, 28 ఇంటూ ఒకటిన్నర టైర్లు. ఇంకోటి నాది, రోజూ ఆఫీసుకి పోను రాను 18 కిలోమీటర్లు తొక్కే హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ మట్టి దారి సైకిల్‌కీ మధ్య రకం), 700 ఇంటూ 35. మూడోది అమ్మాయి 20 అంగుళాల సైకిల్. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదని తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ముందు మీ పంచర్ ఏ రకందో చూడండి

ఏదైనా కొనేముందు ఈ పని చేయండి, రూపాయి ఖర్చు లేదు. టైర్ ఎక్కించేటప్పుడు టైర్ మీద కంపెనీ పేరు సరిగ్గా వాల్వ్ పక్కకి వచ్చేలా పెట్టుకునే అలవాటు చేసుకోండి. పంచర్ అయినప్పుడు ట్యూబ్‌లో బెజ్జం వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో కొలిస్తే టైర్‌లో కూడా అంతే దూరంలో ముల్లు దొరుకుతుంది. ట్యూబ్‌ని ఏ వైపు తిప్పి తీశారో గుర్తులేకపోతే వాల్వ్‌కి రెండు పక్కలా చూడండి, అంతే.

ఇప్పుడు బెజ్జం ఎక్కడుందో చూడండి.

రోడ్డు వైపు ఒకే బెజ్జం ఉంటే ముల్లో, గాజు పెంకో, తీగో. మా దగ్గర ముల్లే ఎక్కువ, అందులోనూ రెండు రకాలు. పల్లేరు కాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది, ప్రతి ముక్కకీ గట్టి ముళ్ళుంటాయి, ఎలా పడ్డా ఒకటి పైకే చూస్తుంటుంది. పొట్టి ముల్లే, కానీ గుంపుగా దిగుతాయి. రెండోది కంప ముల్లు, అంటే తెలంగాణ వైపు సర్కారు తుమ్మ అంటారే అది. ఈ చెట్టు మనది కాదు, 1877లో విత్తనాలు జమైకా నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు, ఇవాళ సీమలో చెరువు కట్ట చూసినా కాలవ గట్టు చూసినా అదే. దాని ముల్లు చాలాసార్లు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, టైరూ ట్యూబూ దాటి ఒక్కోసారి ట్యూబ్ రెండో గోడని కూడా పొడుస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద లిక్విడ్ దగ్గర దీనితో పనుంది.

తీగ అంటే ఏంటంటే, హైవే 44 పక్కన పగిలిన లారీ టైర్ ముక్కలు పడుంటాయి కదా, వాటిలోంచి ఊడిన ఇనుప తీగలు, దాదాపు వెంట్రుకంత సన్నం. కంటికి కనపడవు, వేలికి తగలవు. పాత కాటన్ బనీను ముక్క టైర్ లోపల గుండ్రంగా తిప్పితే నూలు పట్టుకుంటుంది, అక్కడ ఆగి చూడండి. వట్టి వేళ్ళతో తడమొద్దు, గాజు ముక్క ఉంటే మీ వేలు పంచర్ అవుతుంది.

పక్కపక్కనే రెండు చీలికలు, పాము కాటు లాగా ఉంటే అది ముల్లు కాదు, గాలి తక్కువ. స్పీడ్ బ్రేకర్‌కో గుంతకో కొట్టినప్పుడు టైర్ మొత్తం నొక్కుకుపోయి రిమ్ అంచులకీ టైర్‌కీ మధ్య ట్యూబ్ నలిగింది. దీనికి మొదటి మందు పంపే.

రిమ్ వైపు, అంటే లోపలి వైపు బెజ్జం ఉంటే రిమ్ లోపల చుట్టిన టేప్ జరిగి చక్రం పుల్లల (స్పోకుల) చివర్లు గుచ్చుకున్నాయని. వాల్వ్ మొదట్లో చినిగితే ఆ ట్యూబ్‌కి దండం పెట్టేయండి, ప్యాచ్ అక్కడ నిలబడదు.

ఏ బెజ్జమూ లేకుండా రాత్రికి రాత్రి గాలి పోతుంటే, అదీ నల్ల సైకిల్ అయితే, వాల్వ్ పుల్ల మీద ఉండే చిన్న రబ్బరు గొట్టం చూడండి. ఎండకి మెత్తబడి అతుక్కుపోతుంది, లేదా పగులుతుంది. రెండు మూడు రూపాయల వస్తువు. నేను ఒకసారి దీనికోసం ట్యూబే మార్చా, నాన్న చూసి ఏమీ అనలేదు, వాల్వ్ మీద కాస్త ఉమ్మి రాసి బుడగ చూపించి వెళ్ళిపోయాడు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో నాలుగు ప్రశ్నలు. ఆ పద్ధతి ముల్లుని లోపలికి రానీకుండా ఆపేదా, లేక వచ్చాక బెజ్జం మూసేదా? రెండు వేరు వేరు సంగతులు, జనం కలిపేస్తారు. రెండోది, అది ఫెయిలైన రోజు రోడ్డు పక్కన మీరేం చేయగలరు, కొన్ని పద్ధతులు బాగున్నంత కాలం బాగుంటాయి, పోయిన రోజు నట్టేట ముంచుతాయి. మూడోది తొక్కేటప్పుడు కాళ్ళకి తెలిసే బరువు. చక్రం అంచున పెరిగే వంద గ్రాములు బ్యాగులో వేసుకునే వంద గ్రాముల్లాంటివి కాదు, సిగ్నల్ దగ్గర ఆగి లేచిన ప్రతిసారీ ఆ బరువుని తిప్పాలి. నాలుగోది మీ వాల్వ్‌కీ రిమ్‌కీ అది పడుతుందా.

వాల్వ్ అంటే గుర్తొచ్చింది, మూడు రకాలు. నల్ల సైకిళ్ళకి ఉండేది డన్‌లప్ వాల్వ్. 1888లో బెల్ఫాస్ట్‌లో గాలి టైర్‌కి పేటెంట్ తీసుకున్న డన్‌లప్ గారి పేరే అది, ఆయన పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం మొదలుపెట్టిన పని. రెండోది మోటార్‌సైకిల్‌కి ఉండే లావు వాల్వ్, ష్రేడర్ అంటారు, పెట్రోల్ బంకులో గాలి పట్టుకోవచ్చు. మూడోది ఖరీదు సైకిళ్ళకి ఉండే సన్నటి ప్రెస్టా. ప్రెస్టాకి రిమ్‌లో రంధ్రం చిన్నది, లావు వాల్వ్ ట్యూబ్ దూరదు, ఆర్డర్ పెట్టేముందు చూసుకోండి. నేను చూసుకోలేదు.

ఖర్చు ప్రశ్న కావాలనే వదిలేశా. ఏది కొన్నా ఏడాదిలో పంచర్ షాపుకి ఇచ్చే డబ్బుతో పోల్చి చూడాలి, మా వీధి చివర ఒక పంచర్‌కి 40 తీసుకుంటున్నారు, మీ ఊళ్ళో ఎంతో చూసుకుని గుణించుకోండి.

గాలి: ఇది ఆప్షన్ కాదు, అప్పు లాంటిది, తీర్చాల్సిందే

నేను లిక్విడ్ బాటిల్ తెచ్చిన రోజు నాన్న అన్న మాట: "గాలి కొట్రా ముందు, మందు తర్వాత పోద్దువుగానీ." ట్యూబ్ ఏదైనా గాలి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది, టైర్ సన్నగా ఉన్న కొద్దీ అది తొందరగా తెలుస్తుంది. టైర్ పక్కన ఎంత పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలో అచ్చు వేసే ఉంటుంది. నా 35 టైర్‌కి, నా 78 కిలోలకి, వెనక 65 ముందు 60 పెడతా. వారానికోసారి, ఆదివారం టిఫిన్‌కి ముందు. మీటర్ ఉన్న ఫ్లోర్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే కింద రాసినవాటిలో సగం మీకు అక్కర్లేదు, నిజంగా. డన్‌లప్ వాల్వ్‌కి మామూలు మీటర్ కరెక్ట్‌గా చూపించదు, అక్కడ బొటనవేలే మీటర్.

1. ఇంట్లో ప్యాచ్ వేసుకోవడం

ఇది రాకుండా మిగతావి కొనడం ఈత రాకుండా పడవ కొనడం లాంటిది. కావాల్సినవి: రెండు ప్లాస్టిక్ టైర్ లివర్లు, గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచ్‌లు, పంపు. చక్రానికి నట్లు ఉంటే పానా కూడా, ఎక్కువగా 15 నంబర్. లివర్ బదులు స్పూన్ కాడ, స్క్రూడ్రైవర్ వాడేవాళ్ళు ఒక పంచర్ వేసి ఇంకోటి పెట్టుకుంటారు, నేనూ పెట్టుకున్నా.

అందరూ తప్పు చేసేది ఒకేచోట, సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ అంటించేస్తారు. అది ఫెవికాల్ కాదండీ. బెజ్జం చుట్టూ ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ మేర గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి, ట్యూబ్ మీద పొడుగ్గా ఒక అచ్చు గీత ఉంటుంది చూడండి, బెజ్జం దాని దగ్గరుంటే ఆ గీత పూర్తిగా చదునయ్యేదాకా రుద్దాలి, లేదంటే గాలి ఆ గీత పక్కనుంచి సొరంగం తవ్వినట్టు వెళ్ళిపోతుంది. తర్వాత సొల్యూషన్ పల్చగా రాసి వదిలేయండి. అయిదు నిమిషాలు. వేలి వెనక భాగంతో ముట్టుకుంటే అంటకూడదు, తడి మెరుపు పోయి మసకబారాలి. అప్పుడు ప్యాచ్ వెనక రేకు తీసి, ఆ వైపు వేలు తగలకుండా, మధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కండి. గోడకేసి పెట్టి స్పూన్ వెనక భాగంతో రుద్దితే ఇంకా మంచిది. పైన ఉన్న పల్చటి ప్లాస్టిక్ కాగితం పీకకండి, పీకేటప్పుడు అంచు లేస్తుంది. చివర్లో కాస్త ముఖానికి రాసుకునే పౌడర్ చల్లితే ట్యూబ్ టైర్‌కి అతుక్కోదు, అమ్మాయికి ఈ స్టెప్పే ఇష్టం.

ఇలా సరిగ్గా వేసిన ప్యాచ్ ట్యూబ్ ఉన్నన్నాళ్ళు ఉంటుంది. నా ట్యూబ్ ఒకదానికి ఆరు ఉన్నాయి, ఇంకా నడుస్తోంది.

స్టిక్కర్ ప్యాచ్‌లని, సొల్యూషన్ అక్కర్లేనివి దొరుకుతాయి. రోడ్డు మీద అర్జెంటుకి ఓకే, కానీ మా ఏప్రిల్ ఎండలకి రెండు మూడు వారాల్లో అంచులు లేచాయి నాకు. పాత ట్యూబ్ కత్తిరించి ప్యాచ్‌గా వాడొచ్చా అంటే వాడొచ్చు, షాపుల్లో అదే చేస్తారు, కాకపోతే ముక్కనీ ట్యూబ్‌నీ రెండిటినీ రుద్ది, రెండిటికీ సొల్యూషన్ రాసి ఆరనివ్వాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. ఇంకోటి, పెద్ద సొల్యూషన్ డబ్బా చవకని కొనకండి, ఒకసారి మూత తీశాక ఎండాకాలంలో గడ్డకడుతుంది. చిన్న ట్యూబులే మేలు.

ఇంక షాపు సంగతి. పంచర్ షాపు అన్నలకి చేతి నేర్పు మనకంటే పదింతలు, పది నిమిషాల్లో పని అయిపోతుంది, అందులో డౌట్ లేదు. కానీ రద్దీలో టైర్ లోపల వెతకరు. నాకు ఒకచోట మూడు రోజుల్లో మూడుసార్లు ప్యాచ్ వేశారు, ముల్లు మాత్రం టైర్‌లోనే ఉంది. షాపుకే వెళ్ళేవాళ్ళయితే పక్కన నిలబడి "అన్నా, లోపల ఒకసారి గుడ్డ తిప్పి చూడన్నా" అని అడగండి, ఏమీ అనుకోరు.

2. స్పేర్ ట్యూబ్

దీని గురించి ఎక్కువ రాయడానికి లేదు. రోడ్డు మీద ప్యాచ్ వేయకండి, ట్యూబ్ మార్చి ఇంటికొచ్చి నింపాదిగా ప్యాచ్ వేయండి. సీటు కింద సంచిలో ఒక ట్యూబ్, రెండు లివర్లు, చిన్న పంపు. నల్ల సైకిల్‌కి ఇది కుదరదు, వెనక చక్రం ఊడదీయాలంటే చైన్ కవర్, స్టాండ్, మడ్‌గార్డ్ కడ్డీలు అన్నీ విప్పాలి. దానికి చక్రం తీయకుండానే ట్యూబ్ ఒక పక్క నుంచి బయటికి లాగి ప్యాచ్ వేయడమే పద్ధతి.

3. పంచర్ లిక్విడ్

ట్యూబ్‌లో పోస్తే తిరుగుతూ గోడలకి పట్టుకుని, బెజ్జం పడినప్పుడు గాలితో పాటు బయటికొస్తూ అందులోని పీచు అక్కడ అడ్డుపడి మూస్తుంది. పల్లేరుకి ఇది బ్రహ్మాండం. చిన్న బెజ్జాలు, చాలా బెజ్జాలు, సరిగ్గా ఇలాంటివాటికే ఇది. ముల్లు పీకి, బెజ్జం కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగితే బుసబుసమని నాలుగు చుక్కలు కారి ఆగిపోతుంది.

కంప ముల్లుకి మాత్రం చేతులెత్తేస్తుంది. ఎందుకంటే చక్రం తిరుగుతుంటే లిక్విడ్ అంతా బయటి వైపుకి, అంటే రోడ్డు వైపుకి విసరబడుతుంది. ముల్లు ట్యూబ్ రెండో గోడకి, రిమ్ వైపుకి బెజ్జం పెడితే అక్కడికి లిక్విడ్ చేరదు. పాము కాటు చీలికకీ అంతే.

కొనేముందు డబ్బా మీద చదవండి, ట్యూబ్‌కి అని రాసుందా ట్యూబ్‌లెస్‌కి అని రాసుందా అని. ట్యూబ్‌లెస్‌కి వాడే లేటెక్స్ రకం తొందరగా ఆరిపోతుంది, ట్యూబ్ లోపల ఉండలు కడుతుంది. ట్యూబ్‌కి గ్లైకాల్, పీచు కలిపిన చిక్కటి రకం. 26 అంగుళాల లావు టైర్‌కి 120 మిల్లీలీటర్ల దాకా పడుతుంది, సన్న టైర్‌కి అందులో సగం. గాలి కొట్టేటప్పుడు వాల్వ్ కింద ఉండకూడదు, పైభాగంలో, గడియారంలో పది అంకె ఉండేచోట పెట్టుకోండి, లేకపోతే పంపులోకి ఎక్కుతుంది.

నాన్న సైకిల్‌కి పోశా ఒకసారి. డన్‌లప్ వాల్వ్ పుల్ల తీస్తే నోరు బాగానే తెరుచుకుంటుంది, పోయడం సులభమే. రెండు వారాలకి ఆ రబ్బరు గొట్టం లోపల పీచు ఇరుక్కుని గాలి లోపలికి వెళ్ళదు బయటికి రాదు. పుల్ల పీకేసరికి ఆకుపచ్చ ద్రవం గోడకి, లుంగీకి, పక్కనున్న తులసి కుండీకి కూడా. మా ఆవిడ ఇంకా గుర్తుచేస్తుంటుంది.

ఇంకో చిక్కు, లిక్విడ్ ఉన్న ట్యూబ్‌కి తర్వాత ప్యాచ్ వేయడం నరకం. బెజ్జంలోంచి కారుతూనే ఉంటుంది, సొల్యూషన్ పట్టదు. పూర్తిగా గాలి తీసి, తుడిచి, ఆరబెట్టి అప్పుడు వేయాలి.

4. లైనర్, పాత ట్యూబ్ చిట్కా

టైర్‌కీ ట్యూబ్‌కీ మధ్య పెట్టే గట్టి ప్లాస్టిక్ పట్టీ. పల్లేరుని, చిన్న గాజుని ఆపుతుంది, సన్న తీగని చాలావరకు ఆపుతుంది. కంప ముల్లు నేరుగా దిగితే ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు, పక్క నుంచి దిగితే అసలు అడ్డే లేదు, ఎందుకంటే లైనర్ మధ్య భాగాన్ని మాత్రమే కాస్తుంది.

దీనితో నాకు దొరికిన కొత్త రకం పంచర్ ఏంటంటే లైనర్ పెట్టిన రెండు నెలలకి ముల్లు లేకుండా పంచర్. లైనర్ రెండు చివర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట అంచు ట్యూబ్‌ని రాస్తూ రాస్తూ కోసేసింది. అందుకే పెట్టేముందు చివర్లు గుండ్రంగా కత్తిరించి, గరుకు కాగితంతో నున్నగా చేసి, ఆ జాయింట్ ట్యూబ్‌కి తగిలే వైపు బట్ట టేప్ ఒక చుట్టు వేయండి. సైజు కూడా టైర్ వెడల్పుకి సరిపోయేదే తీసుకోవాలి.

డబ్బు పెట్టకుండా చేసేది పాత ట్యూబ్ చిట్కా. పాడైన ట్యూబ్ వాల్వ్ కోసేసి, లోపలి గీత వెంబడి పొడుగ్గా చీల్చి, పౌడర్ చల్లి టైర్‌లో పరిచి దాని మీద అసలు ట్యూబ్. రబ్బరు కాబట్టి కోయదు. నల్ల సైకిల్‌కి ఇది బాగా కుదిరింది, టైర్ వెడల్పుంది, మెల్లగా తొక్కే బండి, బరువు పెరిగినా నాన్నకి తెలియలేదు. నా హైబ్రిడ్‌కి వేస్తే బురదలో తొక్కినట్టు అనిపించి మూడో రోజు పీకేశా.

5. మందం ట్యూబ్

రోడ్డు వైపు గోడ లావుగా ఉండే ట్యూబ్. వంటింటి తూకం మీద పెట్టి చూశా, నా మామూలు ట్యూబ్ 150 గ్రాములు, ఇది 320. పల్లేరుకి పరవాలేదు, గాలి కూడా కొంచెం ఎక్కువ రోజులు ఆగుతుంది. పిల్లల సైకిళ్ళకి నాకు నచ్చిన ఆప్షన్ ఇదే, ఏ లిక్విడ్ గోలా లేదు, పిల్లలు గాలి చూసుకోరు కాబట్టి ఆ మందం కాస్త కాపాడుతుంది.

6. పంచర్ ప్రొటెక్షన్ ఉన్న టైర్

రోజూ పనికి తొక్కేవాళ్ళు నా మాట వింటే డబ్బు మొదట ఇక్కడ పెట్టండి. మిగతావన్నీ ముల్లు టైర్ దాటాక చేసే తంటాలు, ఇది గుమ్మం దగ్గరే ఆపేది. రోడ్డుకి తగిలే రబ్బరుకీ లోపలి గుడ్డకీ మధ్య ఇంకో పొర ఉంటుంది, కొన్నిట్లో గట్టి నేత, కొన్నిట్లో మెత్తటి రబ్బరు. ష్వాల్బే మారథాన్ ప్లస్‌లో ఈ రబ్బరు పొరే 5 మిల్లీమీటర్లు. బరువు కూడా దానికి తగ్గట్టే, నా సైజులో ఒక్కో టైర్ కిలోకి కాస్త తక్కువ. ధర చూసి గుండె గుభేలుమంటే మన దేశంలో తయారయ్యే రాల్‌సన్, హైదరాబాద్ వాళ్ళ హార్టెక్స్ లాంటి వాటిలో కూడా లోపల పొర ఉన్న రకాలు అడిగి చూడండి. పేరు కంటే లోపల పొర ఉందా లేదా అని టైర్ మీద చదవడం ముఖ్యం. సైజు అంగుళాల్లో కాకుండా రెండో అంకె చూసి కొనండి, 37-622 అని ఉంటుంది కదా, ఆ 622 రిమ్ కొలత. 26 అంగుళాలు అని రాసున్న రెండు టైర్లు ఒక రిమ్‌కి ఎక్కకపోవచ్చు, 559 ఒకటి, 584 ఇంకోటి.

వెనక టైర్ ఒక్కటే మార్చినా సగం గెలిచినట్టే. బరువు ఎక్కువ దాని మీదే, పంచర్లు ఎక్కువ అక్కడే. అరిగిన టైర్ మీద లైనర్లూ లిక్విడ్లూ పెట్టడం చిరిగిన గొడుక్కి రంగేయడమే, రబ్బరు అరిగి లోపలి దారాలు కనపడుతుంటే ఇంకేం ఆలోచించకండి.

7. ట్యూబ్‌లెస్, గాలి లేని టైర్లు

ట్యూబ్‌లెస్ మట్టి దారుల్లో ఎంటీబీ (మౌంటెన్ బైక్) తొక్కేవాళ్ళకి మంచిదే, పల్లేరుని లెక్కచేయదు. కానీ రిమ్, టైర్ రెండూ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేవై ఉండాలి, టైర్ అంచు కూర్చోవాలంటే ఒక్కసారిగా గాలి కొట్టే కంప్రెసర్ ఉంటే గానీ కష్టం, లోపలి లేటెక్స్ మా ఎండలకి రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, మళ్ళీ పోయాలి. మామూలు రిమ్‌తో ప్రయోగాలు చేయొద్దు.

గాలి లేని ముద్ద టైర్లు అద్దె సైకిళ్ళకి ఓకే. పంచర్ ఉండదు, నిజమే, కానీ ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది, పుల్లలు వదులవుతాయి, ఇంట్లో ఎక్కించడం దాదాపు అసాధ్యం. నేను వద్దంటా.

ఒక్క చూపులో

| పద్ధతి | పల్లేరు | కంప ముల్లు | సన్న తీగ | బరువు | ఫెయిలైతే రోడ్డు మీద |
|---|---|---|---|---|---|
| ప్యాచ్ + స్పేర్ ట్యూబ్ | ఆపదు | ఆపదు | ఆపదు | ఏమీ లేదు | పావుగంటలో బయటపడొచ్చు |
| లిక్విడ్ | చాలా బాగు | అనుమానమే | బాగు | కొంచెం | చేతులు, బట్టలు ఖరాబు |
| ప్లాస్టిక్ లైనర్ | బాగు | సగం సగం | బాగు | మధ్యస్తం | మామూలుగానే ట్యూబ్ మార్చొచ్చు |
| పాత ట్యూబ్ పొర | పరవాలేదు | ఆపదు | పరవాలేదు | బాగా తెలుస్తుంది | కాస్త చికాకు |
| మందం ట్యూబ్ | పరవాలేదు | ఆపదు | పరవాలేదు | ఎక్కువ | మామూలే |
| మంచి టైర్ | చాలా బాగు | బాగానే | బాగు | ఎక్కువ | బిగుతు టైర్, వేళ్ళు నొప్పి |
| ట్యూబ్‌లెస్ | చాలా బాగు | పరవాలేదు | బాగు | తక్కువ | లోపల ట్యూబ్ వేసుకోవాలి |

పాము కాటుకి ఈ టేబుల్‌లో కాలమ్ పెట్టలేదు, ఎందుకంటే ట్యూబ్‌లెస్ తప్ప మిగతావేవీ దాన్ని తప్పించవు.

మరి మీకేది?

రోజూ ఆఫీసుకో డ్యూటీకో తొక్కేవాళ్ళు: వెనక మంచి టైర్, సంచిలో స్పేర్ ట్యూబ్. లిక్విడ్ వద్దు, టైము లేని రోజే అది ఫెయిలవుతుంది, ఆ జిడ్డు చేతులతో ఆఫీసుకి వెళ్ళలేరు. నేను మార్చి 14 నెలలైంది, రెండే పంచర్లు, అందులో ఒకటి నా లివర్ వల్లే.

నల్ల సైకిల్ మీద పాలు, కూరగాయలు, గ్యాస్ బండ వేసేవాళ్ళు: గాలి, కొత్త టైర్, పాత ట్యూబ్ పొర, స్టాకులో వాల్వ్ రబ్బరు గొట్టాలు. లోడ్ ఉన్నప్పుడు గాలి తక్కువైతే ఏదీ కాపాడదు.

పిల్లల సైకిల్: మందం ట్యూబ్. మీ ఇంటి చుట్టూ పల్లేరు మరీ ఎక్కువైతే, వాల్వ్ లావు రకమైతే, లిక్విడ్. చిన్న చక్రం కాబట్టి లిక్విడ్ తక్కువే పడుతుంది.

హైదరాబాద్‌లో ఆదివారాలు ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ట్రాక్ మీద చుట్టొచ్చే బ్యాచ్: ట్రాక్ మీద మీకు పెద్దగా ఏమీ కాదు, ట్రాక్ దాకా వచ్చే సర్వీస్ రోడ్డులోనే గాజు పెంకులు. తేలిక టైర్లే ఉంచుకోండి, రెండు ట్యూబులు పెట్టుకోండి, ప్యాచ్ నేర్చుకోండి. బరువు టైర్ వేసుకుని వెనకబడిపోయి నన్ను తిట్టుకోవద్దు.

అమెరికాలో ఆరిజోనా వైపు చదువుకునే పిల్లలు సెకండ్ హ్యాండ్ సైకిల్ కొని, వారంలో నాలుగు పంచర్లు అని వాపోతుంటారు. మా చెల్లెలి కొడుకు ఫోటో పంపాడు, అక్కడ దాన్ని మేక తల అని అర్థం వచ్చేలా గోట్‌హెడ్ అంటారట. "మామా ఇదేదో కొత్త రకం ముల్లు" అన్నాడు. పల్లేరేరా నాయనా, మీ అమ్మ చిన్నప్పుడు కాళ్ళల్లోంచి పీక్కున్నదే. లావు టైర్ సైకిల్, క్యాంపస్ లోపలే తిరుగుడు కాబట్టి ట్యూబ్ లిక్విడ్ పోయమన్నా, సన్న టైర్ అయితే మంచి టైర్ కొనమనేవాణ్ణి.

అమ్మాయి సైకిల్‌కి చివరికి మందం ట్యూబే వేశా. పాత ట్యూబ్‌కి పదకొండు ప్యాచ్‌లు వేసే ఓపిక లేదు, దాన్ని పొడుగ్గా చీల్చి క్యారియర్‌కి బ్యాగు కట్టుకునే పట్టీలు చేసిచ్చా. అడ్డదారి మాత్రం మానలేదు, ఇంటికొచ్చాక టైర్ తనే తిప్పి చూసుకుంటోంది, పట్టకారు కూడా అడుగుతోంది. ఒక్క సంగతి చెప్పా, ముల్లు కనపడితే లిక్విడ్ లేని ట్యూబ్‌లోంచి దారిలో పీకొద్దు, ఇల్లు చేరేదాకా ఆ ముల్లే బిరడా.